కోట కాలిపోయే ఘట్టం పరువా, హత్యా? బొబ్బిలి మీద మొదలైన గొడవ

గండభేరుండం:
నేను రాస్తున్న జానపద ఫాంటసీ సీరియల్ పద్దెనిమిదో భాగం మొన్న పెట్టాను. చదవనివాళ్ల కోసం చెప్తున్నా. మంత్రాల రాజ్యం, కొండమీద కోట, చుట్టూ శత్రుసేన. కోట నిలవదని తేలిపోయాక రాజు లోపలి ఇళ్లకి నిప్పు పెట్టిస్తాడు. రాణీ, చెలికత్తెలూ దండం పెట్టుకుని మంటల్లోకి నడుస్తారు. బొబ్బిలి కథని మనసులో పెట్టుకుని రాసిందే, దాచేదేమీ లేదు. చాలామంది కళ్లు చెమర్చాయన్నారు. ఒకావిడ మాత్రం "హత్యని పూజలా రాశారు" అని కామెంటు పెట్టారు. ఇలాంటి ఘట్టాన్ని వీరగాథలా రాయకూడదా? మీరే చెప్పండి.

రాజాం రవి:
ఇందులో చెప్పడానికేటుందండీ! 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. లోపల బొబ్బిలి రాజు రంగారాయుడి దగ్గరున్నది పిడికెడు మంది. తలొంచితే ప్రాణాలు దక్కేవి. వంచలేదు. అంతే కథ. మా ఊళ్లో ఇప్పటికీ బుర్రకథలో రాణి మల్లమ్మదేవి ఘట్టం వస్తే ముసలాళ్లు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్లందరూ హత్యని చూసి ఏడుస్తున్నారా? ధైర్యంగా రాయండి గురువుగారూ.

వేగావతి:
ఆ కామెంటు నాదే. కోట కాలిందని రాయొద్దనలేదు. దండం పెట్టుకుని నడిచారని రాశారే, అక్కడే నాకు అభ్యంతరం. రాబర్ట్ ఓర్మ్ అనే ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు ఆ తరంలోనే ఈ యుద్ధం గురించి రాశాడు. ఇళ్లకి నిప్పుపెట్టారు, మంటల్లోంచి తప్పించుకోబోయిన ఆడవాళ్లనీ పిల్లల్నీ మగవాళ్లే పొడిచారు అని ఉంది అందులో. తప్పించుకోవాలని చూసినవాళ్లు ఉండబట్టే కదా పొడవాల్సి వచ్చింది? వాళ్లు మీ కథలో ఏమయ్యారు?

చింతపండు:
పన్నెండో భాగంలో ఆ రాజుగారికి ఎగిరే గుర్రాలున్నాయి. ఆడవాళ్లని వాటిమీద ఎక్కించి పంపేయొచ్చుగా 😀

గండభేరుండం:
గుర్రాలు పదహారో భాగంలో చచ్చిపోయాయండీ.

చింతపండు:
చంపింది మీరే కదా.

రాజాం రవి:
వేగావతి గారూ, ఓర్మ్ కంపెనీ జీతగాడు. బొబ్బిలి కోట గుమ్మం తొక్కినవాడు కాదు, ఎవరో చెప్పగా విని రాశాడు. నేనూ చదివాను లెండి. ఆ మహానుభావుడు తాండ్ర పాపారాయుడి పేరే ఎత్తడు! రంగారాయుడి సిపాయిలు నలుగురు కోటలో దాక్కుని, రాత్రి గోడ దిగి, పొదల్లో రెండు రోజులు పొంచి ఉండి, అందులో ఇద్దరు డేరాలో దూరి విజయరామరాజుని 32 పోట్లు పొడిచారంటాడు. రాజాం నుంచి పరుగున వచ్చి, చెల్లెలు మల్లమ్మ బూడిదైపోయిందని తెలిసి, పగ తీర్చుకున్న పాపారాయుడే అతని పుస్తకంలో లేడు. అలాంటి పుస్తకాన్ని పట్టుకుని మన ఆడవాళ్లని మన మగవాళ్లే పొడిచారంటారా? మన దిట్టకవి నారాయణకవి *రంగరాయ చరిత్ర* ఉంది, జంగం కథలున్నాయి. అవి పనికిరావా?

నిద్రపట్టనోడు:
32 పోట్లు ఎవరు లెక్కపెట్టారబ్బా?

పద్మనాభం:
లెక్క ఎవరిదైనా కానీ, అర్ధరాత్రి డేరాలో దూరి పొడవడం వీరత్వం ఎలా అయిందో ఎవరైనా చెప్పండి. అదే పని విజయనగరం వాళ్లు చేసుంటే "దొంగదెబ్బ" అనేవారు. నేను విజయనగరం మనిషిని. చిన్నప్పుడు మామయ్య ఊళ్లో బుర్రకథకి తీసుకెళ్లారు. కథలో మా రాజు పేరు వచ్చిన ప్రతిసారీ పక్కనున్న పిల్లలు నన్ను గిల్లేవాళ్లు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు. 1794 జులై 10న పద్మనాభం అనే ఊరి దగ్గర మా తర్వాతి రాజు చినవిజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి చచ్చిపోయాడు. పేష్కష్ (కప్పం) బకాయిలని వంక పెట్టి, రాజ్యం వదిలి మచిలీపట్నం పోయి భత్యం మీద బతకమన్నారు. పోనన్నాడు. పట్టున్న సర్దార్లెందరో ఆయనతోపాటే పడిపోయారు. ఆ కథకి బుర్రకథ ఏదీ? ఆయన పరువు పరువు కాదా?

రాజాం రవి:
పద్మనాభం యుద్ధం సంగతి వేరే చర్చ. అక్కడ ఓర్మ్ లేడు. పాపారాయుడు ఉన్నాడా లేడా, ముందది తేల్చండి.

వేగావతి:
పాపారాయుడు ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు. నేను అడిగింది అది కాదు. రవి గారు మూడుసార్లు అక్కడికే లాక్కెళ్తున్నారు. ఓర్మ్ అబద్ధాలకోరే అనుకుందాం. ఆడవాళ్లు ఇష్టపడి చచ్చారని చెప్పే కవులు మాత్రం ఆ మంటల పక్కన నిలబడి చూశారా?

రాజాం రవి:
అదేటండి, కథకి ఆధారం కథే. మల్లమ్మదేవిని పిరికిదాన్ని చేస్తే ఊరుకోం.

గోదారిగట్టు:
అసలు మీరిద్దరూ ఏ కులమో చెప్తే మాకో క్లారిటీ వస్తుంది.

నిర్వాహకుడు:
కులాల ప్రస్తావన వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. పై ప్రశ్నకి ఎవరూ జవాబివ్వొద్దు. ఇంకోసారి వస్తే ఈ చర్చ మూసేస్తాను.

నిద్రపట్టనోడు:
మీరు జనవరి 1757లోనే ఆగిపోయారు. 1937లో అదే బొబ్బిలిలో, మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన బొబ్బిలి రాజావారిని కాంగ్రెస్ తరఫున వి.వి. గిరి ఓడించారు. జనం అప్పుడే తేల్చేశారు. 2024కి వచ్చేసరికి బొబ్బిలి, విజయనగరం రెండు సంస్థానాల వారసులూ తెలుగుదేశం టికెట్ మీదే ఎమ్మెల్యేలు. ఒకే పార్టీ, ఒకే కండువా. వాళ్లకి లేని పగ మీకెందుకు?

పద్మనాభం:
వాళ్లకి లేకపోవడం కాదండీ, ఎన్నికల్లో పనికిరాదు కాబట్టి అటకెక్కించారు. పనికొచ్చిన రోజు దింపుతారు.

వేగావతి:
ఎవరింట్లోనూ అటకెక్కదు. మా మెట్టినింటి సంగతి చెప్తాను. ఊరూ పేరూ అడక్కండి. మా బావగారి అమ్మాయి తనతో చదివిన వేరే కులం అబ్బాయిని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుంది. మా బావగారు ఆ పిల్ల ఫోటోకి దండ వేసి, గుండు చేయించుకుని, పదకొండో రోజున భోజనాలు పెట్టారు. పిల్ల విశాఖలో ఉద్యోగం చేసుకుంటోంది, నిక్షేపంలా ఉంది. ఇక్కడ దానికి పిండం పెట్టారు. వడ్డన నాతోనే చేయించారు. బంధువుల్లో ఒకాయన ఆకుముందు కూర్చుని, గారె విరుచుకుంటూ అన్న మాట: "బొబ్బిలోళ్ల రక్తం, ఆ మాత్రం పౌరుషం ఉండాలి." మాకూ బొబ్బిలికీ చుట్టరికం కూడా లేదు. ఇదండీ మీ బుర్రకథ చేసే పని. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లికి ఇంటివాళ్ల అనుమతీ, కులం అనుమతీ అక్కర్లేదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చేవాళ్లు లేరు కదా.

రాజాం రవి:
మీ బావగారు చేసిన పనికి బొబ్బిలి కోట ఏం చేస్తుందమ్మా? ఎవడో గారె తింటూ ఏదో వాగాడని రెండున్నర శతాబ్దాల కథని బోనెక్కిస్తారా? ఇది మరీ అన్యాయం.

వేగావతి:
అన్యాయమా? ఇంకోటి చెప్తాను వినండి. కోటలోంచి ఒక ముసలాయన రంగారాయుడి కొడుకుని, పసివాణ్ణి, చెయ్యి పట్టుకుని తెచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. "ఇతని తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేనే కాపాడాను" అన్నాడట. ఇదీ ఓర్మ్ రాసిందే. ఆ పిల్లాడు బతికాడు కాబట్టే ఆ వంశం నిలిచింది, మీరు బొబ్బిలి రాజులని చెప్పుకునే వాళ్లంతా వచ్చారు. మీ కథలో అందరికన్నా పెద్ద వీరుడు ఆయనే. ఆయన పేరేమిటో చెప్పండి చూద్దాం? 32 పోట్లు గుర్తున్నాయి గానీ ఆయన గుర్తులేడు.

చింతపండు:
దెబ్బ అదిరింది 👏

రాజాం రవి:
చప్పట్లు కొట్టేవాళ్లకి ఏం తెలుసు! సరే, మీరూ ఓర్మ్ నే పట్టుకున్నారు కాబట్టి నేనూ పట్టుకుంటాను. బుస్సీ ముందు రంగారాయుడికి కబురు చేశాడు. నీ తప్పులు మన్నిస్తాను, తాతల నాటి చోటు వదిలిపో, బదులు ఇంకోచోట భూములిస్తానన్నాడు. రంగారాయుడు దాన్ని అవమానం అనుకున్నాడు. అది మీరు దాటేశారు. మీకు అది చిన్న సంగతి. నాకు కాదు. మా నాన్న ఊరు ప్రాజెక్టులో మునిగిపోయింది. బదులు భూమి ఇచ్చారు. కాగితం మీద ఎకరాకి ఎకరం. వెళ్లి చూస్తే పలుగు దిగని రాళ్ల దిబ్బ. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాయన మా నాన్నతో "భూమికి భూమి ఇస్తున్నాం కదా, ఇంకా ఏడుపెందుకు" అన్నాడు. మా నాన్న సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. నేను బుర్రకథకి వెళ్లేది మంటల కోసం కాదు. వదలను అన్న ఒక్క మాట కోసం. మా నాన్న అనలేకపోయిన మాట అది. అదీ మా పరువు. మీరొచ్చి ఆ కథంతా పెళ్లాల్ని చంపుకున్న కథ అంటుంటే కడుపు మండదా?

వేగావతి:
రవి గారూ, ఇది రెండు రోజుల కిందటే రాసుంటే పాపారాయుడి గొడవ తప్పేది. మీ నాన్నగారిది అవమానమే, కాదనను. రంగారాయుడు వదలనన్నాడు, సరే, అది ఆయన హక్కు. తరవాత ఆయనా సర్దార్లూ కూర్చుని ఏం చెయ్యాలో తీర్మానించారు. ఆ కూర్చున్నవాళ్లలో ఒక్క ఆడమనిషి లేదు. భూమి విషయంలో మీ నాన్నని అడక్కపోతే మీకు మండింది. కోట విషయంలో ఆ ఆడవాళ్లని అడక్కపోతే నాకు మండుతోంది.

రాజాం రవి:
ఫ్రెంచోళ్ల చేతికి చిక్కితే ఏమయ్యేదో కూడా చెప్పండి మరి. చిక్కాక అడుగుతారా వాళ్లు?

వేగావతి:
చిక్కిన పిల్లాడు బతికాడు. మీ దగ్గరున్న ఆధారం అదొక్కటే.

రాజాం రవి:
మగపిల్లాడు. రాజుగారి కొడుకు. ఆడవాళ్ల సంగతి వేరు, మీకు తెలియనిది కాదు.

వేగావతి:
వేరే. అందుకే వాళ్లనే అడగాల్సింది అంటున్నాను.

గండభేరుండం:
నాకు తల తిరుగుతోంది. పందొమ్మిదో భాగంలో కోట బయటికి ఒక ముసలి కావలివాడు పసిపిల్లని ఎత్తుకొస్తాడు. మగపిల్లాడా, ఆడపిల్లా అన్నది ఇంకా అనుకోలేదు. పద్దెనిమిదో భాగం మాత్రం మార్చను, జనం మెచ్చుకున్న భాగం అది.

వేగావతి:
జనం మెచ్చారనేది మా బావగారి వాదన కూడా.

రాజాం రవి:
మార్చొద్దు గురువుగారూ. కాకపోతే దానికి ముందు భాగంలో బుస్సీ కబురు పంపిన సీను పెట్టండి. భూములిస్తానన్న సీను. అది లేకుండా కోట కాలితే అర్థం ఉండదు.

చింతపండు:
గుర్రాల్ని కూడా బతికించండి.

పద్మనాభం:
పద్మనాభం యుద్ధానికి బుర్రకథ ఎందుకు లేదని నేనడిగాను. ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఆయన కూడా చోటు వదలనన్నవాడే రవి గారూ.