ముందే చెప్పి తీసే తరుగు దొంగతనమా, కాదా?

నర్సంపేట రైతుబిడ్డ
యాసంగి వడ్లు అమ్మినం. ఆరబోసి, క్లీనర్ల పట్టి, కొనుగోలు సెంటర్ కాడ కుప్ప పోసి వంతు కోసం కూసున్నం. కాంటా నాడు ఒకటే మాట చెప్పిండ్రు: "బస్తాకు కిలోన్నర తరుగు. ఇష్టమైతే కాంటా పెడ్తం, లేకుంటే ఆగుండ్రి." మొగులు పట్టి ఉన్నది. బాపు ఊ అన్నడు. 40 కిలోలు ఉండాల్సిన బస్తాల 41న్నర పోసిండ్రు, సంచి బరువు వేరే. రెండు వందల బస్తాలు. లెక్కేస్తే మూడు క్వింటాళ్లు, పైసల్ల 7 వేల దాకా.

ఇంటికొచ్చినంక మా చిన్నాయన అన్నడు: "దొంగతనం అంటే చెప్పకుండ తీసుడు. వాళ్లు మొగం మీదనే చెప్పి తీసిండ్రు, మీ బాపు ఒప్పుకున్నడు. ఇగ దొంగతనం ఎట్లయితది?" నాకు జవాబు దొరకలె.

సర్కారు రూల్ ఏందో అడుగుతలేను, అది అందరికి ఎరుకే. సత్యం, అస్తేయం అని మన పెద్దలు, తమిళోళ్లు గింత రాసిపెట్టిండ్రు గదా. వాటి లెక్కల ఇది ఏందో చదివినోళ్లు చెప్పుండ్రి.

హన్మకొండ పంతులు
బాబూ, మీ చిన్నాయన చెప్పిన నిర్వచనం శాస్త్రంలో లేదు. యోగసూత్రాల రెండో పాదం 30వ సూత్రంలో పతంజలి ఐదు యమాలు, అంటే నిగ్రహాలు, చెప్పాడు: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. దాని మీద వ్యాసభాష్యం దొంగతనమంటే ఏమిటో ఒక్క ముక్కలో తేల్చింది. శాస్త్రం ఒప్పని పద్ధతిలో ఇతరుల ద్రవ్యాన్ని తీసుకోవడం. చాటుగా తీశాడా, చాటింపు వేసి తీశాడా అన్న ప్రస్తావనే అక్కడ లేదు. అంతటితో ఆగలేదు కూడా. అస్తేయమంటే ఆ ద్రవ్యం మీద ఆశ కూడా లేకపోవడం అన్నాడు భాష్యకారుడు.

చౌరస్తా కిరాణం
పంతులు గారూ, నమస్తే. కానీ శాంతిపర్వంల శంఖలిఖితుల కథ ఉన్నది గదా. అన్న ఆశ్రమంల పండ్లు తమ్ముడు లిఖితుడు అడగకుండ కోసుకొని తింటడు. "ఇది దొంగతనం, పోయి రాజు కాడ శిక్ష తీసుకో" అంటడు శంఖుడు. సుద్యుమ్న మహారాజు చేతులు నరికిస్తడు. అన్న చెప్పినట్టు బాహుదా నదిల మునిగితే చేతులు మళ్ల వస్తయి. అక్కడ తప్పంతా అడగకపోవుడే. అడిగి తింటే కథే లేదు. ఇక్కడ అడిగిండ్రు, ఆయన ఇచ్చిండు. నేను గూడ దుకాణంల కూసుంటా, ధర ముందే చెప్పి అమ్ముతా. నచ్చినోడు కొంటడు. దాన్ని దొంగతనం అంటరా?

కాజీపేట జంక్షన్
నేను రైల్వేలో ఉన్నప్పుడు పెరంబూర్లో చాలా ఏండ్లు పనిచేసిన. అక్కడ బస్సెక్కితే వళ్లువర్ నీతి పద్యం, కురళ్, రాసి ఉంటది, అట్లనే తమిళం చదువుడు అబ్బింది.

కిరాణం తమ్మీ, నీ దుకాణంల ధర నచ్చకపోతే కొనేటోడు పక్క దుకాణం పోతడు. కుప్ప పోసుకొని మొగులు దిక్కు చూసే రైతు ఏడికి పోతడు? శంఖుని మీదికి వాన రాలె, పండ్లు మొలకెత్తుతయన్న భయం లేదు. భయంల అన్న 'ఊ'ని ఇచ్చుడు అనొద్దు.

తిరుక్కురళ్‌ల దొంగతనం చేయకుండుట మీద ఒక అధికారమే (అధ్యాయమే) ఉన్నది, 29వది. అందుల 282వ కురళ్: పరుల సొమ్ము మోసంతోని తీసుకుందాం అని మనసుల అనుకున్నా పాపమే. పంతులు గారు చెప్పిన భాష్యం, వళ్లువర్ ఒక్క తావుకే వచ్చిండ్రు చూడుండ్రి. ఇద్దరూ చేతి కన్న ముందు మనసును పట్టుకున్నరు. బస్తా తూకంల పెట్టకముందే 'కిలోన్నర' అన్న అంకె నోట్ల ఉన్నదంటే, తాలు (పొల్లు గింజలు) చూసి చెప్పిన అంకె కాదది.

చౌరస్తా కిరాణం
అన్నా, మీరు ఒకటి దాచిండ్రు. ఆ 29, దాని పక్కనే సత్యం మీద ఉన్న 30, రెండూ తురవరవియల్‌ల ఉన్నయి. అంటే సన్యాసుల భాగం. సన్యాసికి పెట్టిన నేమం కాంటా కాడ కూసున్నోనికి పెడ్తె ఎట్ల?

కాజీపేట జంక్షన్
దాచలె, నువ్వు అడుగుతవని ఆగిన. సంసారుల భాగంల 12వ అధికారం నడువునిలైమై, పక్షపాతం లేకుండుట. దాంట్ల 118: రెండు దిక్కులా సమంగ నిలిచి బరువు తూచే త్రాసు లెక్క, ఏ పక్కకు ఒరగకుండ ఉండుడే పెద్దమనుషులకు అందం. 120 అయితే సీదా వ్యాపారులకే: పరుల సరుకును నీ సరుకు లెక్క చూసుకుంటే అదే మంచి బేరం. ఇగ చెప్పు, కాంటా కాడ కూసున్నోనికి ఇంతకన్న ఎవరు రాసిపెట్టాలె?

హన్మకొండ పంతులు
ఒక మాట కలుపుతాను. అస్తేయం లాంటి ఆ ఐదు యమాలకు జాతి, దేశం, కాలం, సందర్భం అనే మినహాయింపులు లేకపోతేనే మహావ్రతం అవుతాయని 31వ సూత్రం. "సీజన్ కదా, తప్పదు" అన్న మాటకు అక్కడ చోటు లేదు.

సంఘం లీడర్
చాలాసేపటి సంది చదువుతున్న. నేను ఒక ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ నడిపే మహిళా సంఘంల ఉన్న. ఏ ఊరో చెప్ప. మీ అందరికి మేం దొంగలం అయినం గదా, జర నా మాట గూడ వినుండ్రి.

లారీ మిల్లుకు పోతది. అక్కడ బస్తా కోసి చెయ్యి పెట్టి చూస్తరు. తాలు ఉన్నది, తేమ ఉన్నది, ఇన్ని క్వింటాళ్లు కోత అంటరు. ఒప్పుకోకపోతే లారీ దించరు. ట్రక్ షీట్ మీద మిల్లు ఎంత రాస్తే అంతకే రైతు ఖాతాల పైసలు పడుతయి. తగ్గితే రైతు మా ఇంటి మీదికి వస్తడు. అందుకే ముందే బస్తాల ఎక్కువ పోస్తం. మా ఇంట్లకు ఒక్క గింజ రాదు.

ఇంకోటి, కోపం చేయకుండ్రి. 17 శాతం కన్న తేమ ఎక్కువుంటే కొనొద్దని రూల్. మిషిన్ 18 చూపెడ్తది, ఒక్కోసారి 19. పెద్ద మనిషి దండం పెడ్తడు, వానొస్తే మునుగుత బిడ్డా అంటడు. 17 అని రాస్త. ఇప్పటిదాంక ఎన్నిసార్లు రాసిన్నో లెక్క లేదు. దీన్ని గూడ అబద్ధం అంటే అనుండ్రి. కాజీపేట అన్న చదివిన బుక్కుల దీనికి ఏముంది?

కాజీపేట జంక్షన్
అక్కా, ఉన్నది. మీ కోసమే రాసినట్టున్నది. 291: ఎవ్వరికీ ఏ కీడూ చేయని మాట చెప్పుడే సత్యం. 292: దోషం లేని మేలు జరిగితే అబద్ధం గూడ సత్యం తావుల కూసుంటది. మీరు రాసిన 17 ఈ లెక్కకే వస్తది. నా మటుకు నాకు మీరు అబద్ధం చెప్పలె.

బమ్మెర పక్కూరోన్ని
మా పోతనను మర్చిపోయిండ్రు! వామన చరిత్రల శుక్రాచార్యుడు బలికి జాబితానే ఇస్తడు. ఆడోళ్ల దగ్గర, పెండ్లి విషయంల, ప్రాణ విత్త మానాలకు భంగం వచ్చినప్పుడు, ఆవులను, బ్రాహ్మలను కాపాడేటప్పుడు "బొంకవచ్చు నఘము పొంద దధిప" అని. వడ్లు జాబితాల లేవు గని 'విత్త' ఉన్నది గదా. అక్క పాస్.

హన్మకొండ పంతులు
తమ్ముడూ, ఆ పద్యం మన జిల్లాలో చిన్నపిల్లలకూ వచ్చు. కానీ దాన్ని చెప్పింది ఎవరు, విన్నది ఎవరు? శుక్రుడు చెప్పాడు, బలి వినలేదు. "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అన్నాడు. మనం ఇంతకాలం బలిని తలుచుకుంటూ శుక్రుడి సలహా వాడుకుంటున్నాం.

సైన్స్ సారు, పరకాల
శ్లోకాలు నాకు రావు. చిన్న లెక్క చెప్తా. 18 శాతం తేమ ఉన్న 40 కిలోల వడ్లలో పొడి సరుకు 32.8 కిలోలు. అవే 17 శాతానికి ఆరితే 39.5 కిలోలు అవుతాయి. తగ్గేది అర కిలో లోపే. కిలోన్నర తగ్గాలంటే తేమ 20 శాతం ఉండాలి. అంటే అక్క 18ని 17 అని రాసినందుకు మిల్లుకు నష్టం బస్తాకు అర కిలో. పైన కోసే కిలో తేమది కాదు. తాలు అంటారా, క్లీనర్లో పట్టిన వడ్లలో అంత తాలు ఉండదు, ఉంటే జల్లించి చూపించాలి.

ఇంకో సంగతి. 17 అని రాసినంక ఇక తేమ పేరు మీద కోయడానికి కాగితం మీద ఆధారం ఉండదు. అందుకే మిల్లులో నోటిమాటతో కోస్తారు. నోటిమాట కోతకు కొలత ఏముంటుంది?

నర్సంపేట రైతుబిడ్డ
సారు, ఇది నాకు తట్టలె. అక్క మేలు కోసం రాసిన 17 లేకుంటే, మిల్లోనికి "మీరు తేమ వడ్లు పంపుతున్నరు" అని అనే సందే ఉండకపోవు. 19 ఉన్నోని కోసం రాసిన అబద్ధం ఖర్చు, ఎండల నాలుగు రోజులు తిప్పి తిప్పి 16కు ఆరబెట్టిన మా బాపు బస్తాల నుంచి తీసిండ్రు. మరి వళ్లువర్ చెప్పిన దోషం లేని మేలు ఇదేనా, కాజీపేట అన్నా?

కాజీపేట జంక్షన్
మంచిగ పట్టినవ్ తమ్మీ. ఆ 'దోషం లేని' అన్న మాట దగ్గర నేను జర తొందరగ నడిచిపోయిన, మస్తు మంది అక్కడ గట్లనే పోతరు. ఒకనికి మేలు చేసి ఇంకొకని బస్తాల కన్నం పెడితే 292 కిందికి రాదు. అయినా అక్కను మిల్లోని పక్కన నిలబెట్టుడు నాకు మనసొప్పదు. ఆమె మనసుల పరుల సొమ్ము ఆశ లేదు, 282 ఆమెకు తగలదు.

ఓరుగల్లు లొల్లి
మరి రామదాసు? సర్కారు శిస్తు పైసలతోని భద్రాచలం గుడి కట్టిండు, గోల్కొండ జైల్ల పడ్డడు. ఆయన మనసుల గూడ సొంత ఆశ లేదు. దొంగ అందామా, భక్తుడు అందామా?

నిర్వాహకులు
రామదాసు గురించి వేరే చర్చ తెరవండి. పోయిన ఏడు అది ఎటు పోయిందో అందరికీ గుర్తుంది.

హన్మకొండ పంతులు
అక్కయ్య విషయంలో నాకు కాజీపేట వారంత సులువుగా తేల్చాలని లేదు. 34వ సూత్రం చూడండి. హింస మొదలైన తప్పులు మూడు రకాలు: తాను చేసింది, ఇంకొకరి చేత చేయించింది, చేస్తుంటే సరేనన్నది. ఇక్కడ చేయించేది మిల్లు. చేస్తున్నది సెంటర్. ఒక్క గింజ ఇంటికి తీసుకుపోకపోయినా చేతి మీదుగానే జరుగుతోంది కదమ్మా. సరేనన్నది మాత్రం మనమంతా. సర్పంచులు, పెద్దమనుషులు, నాలాగా పెన్షన్ తీసుకుంటూ ఆ దారినే వాకింగ్ పోయేవాళ్లు.

చౌరస్తా కిరాణం
అట్లయితే ఆ లెక్కల పిల్లగాని బాపు గూడ వచ్చిండు. ఊ అన్నది ఆయనే గదా!

హన్మకొండ పంతులు
రాడు. అదే సూత్రంలో ఈ తప్పులకు మూలం లోభం, క్రోధం, మోహం అని ఉంది. ఆయన ఊ అన్నది భయంతో. భయం ఆ మూడింటిలో లేదు.

సంఘం లీడర్
పంతులు సారూ, మీ మాట గుచ్చుకున్నది గని తప్పు అన. ఒక్కటి అడుగుత, ముందు రైతుబిడ్డ చెప్పాలె. వచ్చే వానకాలం మిషిన్ 18 చూపెడ్తే 18 అనే రాస్త. తరుగు గూడ రైతు ముంగట తాలు జల్లించి, ఎంతెల్తే అంతే. నీ కుప్పకు 18 వచ్చి ఎనకకు పంపితే సెంటర్ ముంగట లొల్లి పెట్టకుండ ఉంటవా?

నర్సంపేట రైతుబిడ్డ
లొల్లి పెట్ట అక్కా. మళ్ల ఆరబోస్త. కానీ లారీల నన్ను గూడ మిల్లుకు రానియ్యాలె. అక్కడ కోత కోస్తే మిషిన్ పెట్టి చూపెట్టి కొయ్యమంట.

సంఘం లీడర్
రా. కానీ ఒక్కనివి వస్తే మిల్లు గేటు దగ్గరనే ఆపుతరు. పది మంది రైతులను తోలుకొని రా.

చౌరస్తా కిరాణం
పది మంది వస్తే ఆ రోజు లారీ దించుతరు. తెల్లారి మీ సెంటర్‌కు లారీలే పంపరు, రాసిపెట్టుకోండి.