సిలికోసిస్ పరిహారం ఎవరివ్వాలి: ఆఖరి యజమానా, అందరూనా, ప్రభుత్వమా?

డ్రిల్లర్ కొడుకు:
మా నాయన ప్రకాశం జిల్లా గ్రానైట్ క్వారీల్లో 18 ఏళ్లు జాక్‌హామర్ పట్టాడు. నాలుగు క్వారీలు మారాడు. దగ్గు మొదలైతే టీబీ అన్నారు, రెండుసార్లు ఆర్నెల్ల కోర్సు మింగించారు. "ఏం పని చేసేవాడివి?" అని మూడో డాక్టరు అడిగాకే అసలు సంగతి బయటపడింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్. పరిహారం అడిగితే ఆఖరి క్వారీవాళ్లు "మా దగ్గర చేసింది రెండేళ్లేగా" అంటున్నారు. చెయ్యి తెగితే ఇచ్చే డబ్బు ఊపిరితిత్తులు పోతే ఎందుకివ్వరు?

క్రషర్ యజమాని:
తమ్ముడూ, మీ నాయన గురించి చదివి బాధేసింది. కానీ నాది చిన్న క్రషర్. పదహారేళ్లు ఎక్కడెక్కడో దుమ్ము పీల్చి వచ్చిన మనిషికి మొత్తం నేనే కట్టాలా? 40 ఏళ్ల మనిషి చనిపోతే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) లెక్క చూడు: 15,000 జీతంలో సగాన్ని, ఆ వయసుకు చట్టం పెట్టిన 184.17తో గుణిస్తే 13,81,275 రూపాయలు. మిషన్లు అమ్మినా అంత రాదు. బీడీలు కాల్చి తెచ్చుకున్న దగ్గు కూడా మా ఖాతాలోనేనా?

లేబర్ వకీలు:
మీ ఒక్కరినే కట్టమని చట్టం అనలేదండీ. పనివల్ల వచ్చే జబ్బుల జాబితా అయిన మూడో షెడ్యూలు సి భాగంలో సిలికోసిస్ ఉంది. ఆ జబ్బులకు, పనిచేయించుకున్న యజమానులందరూ, పరిహారం కేసులు వినే కమిషనర్ తేల్చిన వాటా ప్రకారం కట్టాలి. కాంట్రాక్టరు మనిషైనా అసలు యజమాని తప్పించుకోలేడు. ఇక బీడీ పొగతో సిలికోసిస్ రాదు, సిలికా దుమ్ముతోనే వస్తుంది.

ఆరోగ్య కార్యకర్త:
వాటా సరే, ఎవరు ఎక్కడ పనిచేశారో చూపే మస్టర్ రోల్ (హాజరు రిజిస్టరు) ఏది సార్? వారం కూలి మేస్త్రీ చేతికిస్తాడు, కాగితం ఉండదు. రాజస్థాన్‌లో 2019 విధానం ప్రకారం జబ్బు నిర్ధారణయితే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు ప్రభుత్వమే ఇస్తుంది. యజమాని ఎవరో తేలేదాకా మంచంలో ఎదురుచూడక్కర్లేదు. మనకూ అదే కావాలి.

డ్రిల్లర్ కొడుకు:
అక్కా, ప్రభుత్వం ఇచ్చి ఊరుకుంటే క్వారీవాళ్లు దుమ్ము మీద నీళ్లు కొట్టడం కూడా మానేస్తారు. ముందు ప్రభుత్వం ఇవ్వాలి, ఆనక వాళ్ల దగ్గర వాటాల లెక్కన వసూలు చేయాలి. మాలాంటివాళ్లు నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగలేరు.

క్రషర్ యజమాని:
వాటా అంటే కాదనను. కానీ రిజిస్టరు రాసిన నేను దొరికిపోతా, రాయనివాడు తప్పించుకుంటాడు. దీనికేం చెబుతారు?

లేబర్ వకీలు:
ఆ భయం నిజమైనదే. కానీ రిజిస్టరు లేకపోతే కేసు లేదని కాదు. తోటి కార్మికుల సాక్ష్యం కూడా కమిషనర్ వింటారు. బాబూ, ఏ క్వారీలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాదిదాకా చేశారో మీ నాయన నోటితో చెప్పించి ఇవాళే రాసిపెట్టుకో. ఎక్స్‌రేలు ఒక్కటీ పారేయొద్దు.

డ్రిల్లర్ కొడుకు:
రాశానండీ. నాయనతో డ్రిల్లింగ్ చేసిన ఇద్దరు వచ్చి చెబుతామన్నారు. అందులో ఒకాయన మా ఇంటి మెట్లెక్కి మాట్లాడలేక పది నిమిషాలు కూర్చుండిపోయాడు. ఆయనకూ టీబీ మందులే నడుస్తున్నాయి. ఈ వారం ఆయన్నీ ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నా.