స్టేషన్ ఘన్‌పూర్ ఓటు ఎవరిది? కడియం శ్రీహరి గారి పార్టీ మార్పుపై చర్చ

కాజీపేట వాసి:
పార్టీ మారిన పది మంది ఎమ్మెల్యేలపై దాఖలైన అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జూలై 31న తెలంగాణ శాసనసభ స్పీకర్‌ను ఆదేశించింది. ఆ పది మందిలో మన స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే కడియం శ్రీహరి గారు కూడా ఉన్నారు. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచిన ఆయన 2024 మార్చి నెలాఖరున కుమార్తె కావ్య గారితో కలిసి కాంగ్రెస్‌లో చేరారు. బీఆర్ఎస్ అప్పటికే వరంగల్ లోక్‌సభ అభ్యర్థిగా ప్రకటించిన కావ్య గారు ఆ పోటీ నుంచి తప్పుకొని, కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి పార్లమెంటుకు వెళ్లారు.

స్పీకర్ నిర్ణయం ఇక్కడ నా ప్రశ్న కాదు. పార్టీ మారే ఎమ్మెల్యే ముందు రాజీనామా చేయాలా వద్దా అన్నదే ప్రశ్న, చేసి తీరాలన్నదే నా అభిప్రాయం.

శ్రీహరి గారు 1994లో, 1999లో తెలుగుదేశం తరఫున గెలిచి మంత్రిగా పనిచేశారు, 2008 ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు, 2009లో ఓడిపోయారు. 2013లో టీఆర్ఎస్‌లో (ఇప్పటి బీఆర్ఎస్) చేరినప్పుడు ఓటరుకు అన్యాయం జరిగిందని ఎవరూ అనలేకపోయారు, ఎందుకంటే అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు, మరుసటి ఏడాది కొత్త గుర్తుతోనే వరంగల్ ఎంపీగా జనం ముందు నిలబడి గెలిచారు. 2024 మార్పు అలాంటిది కాదు. ఒక గుర్తుపై వేయించుకున్న ఓటును అడగకుండానే ఇంకో పార్టీ వైపుకు తీసుకెళ్లారు.

ఇదే సీటులో దీనికి భిన్నంగా జరిగిన సందర్భం కూడా ఉంది. 2009లో కాంగ్రెస్ టికెట్‌పై గెలిచిన తాటికొండ రాజయ్య గారు టీఆర్ఎస్‌లోకి వెళ్లినప్పుడు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి 2012 మార్చి ఉప ఎన్నికలో మళ్లీ ఓటు అడిగి గెలిచారు. ఆ ఎన్నికలో ఓడిన తెలుగుదేశం అభ్యర్థి శ్రీహరి గారే. రాజీనామా చేసి వచ్చిన మనిషికి ప్రజలు ఎంత విలువ ఇస్తారో ఆయన దగ్గర నుంచి చూసి ఉంటారు.

జఫర్‌గఢ్ ఓటరు:
కాజీపేట వాసి గారూ, 2011-12 నాటి రాజీనామాలను ఈనాటి పరిస్థితికి కొలమానంగా పెట్టడం సరికాదని నా మనవి. అప్పుడు తెలంగాణ ఉద్యమం నడుస్తున్నది, రాజీనామాయే ఆయుధం. 2010లో తెలంగాణలో పన్నెండు సీట్లకు జరిగిన ఉప ఎన్నికల్లో టీఆర్ఎస్ పదకొండు, బీజేపీ ఒకటి గెలిచాయంటే అది ఉద్యమానికి పడిన ఓటు. ఇప్పుడు ఉప ఎన్నిక వస్తే నెలల తరబడి పనులు ఆగిపోతాయి, డబ్బు ఏరులై పారుతుంది, చివరికి నష్టపోయేది ఊళ్లలో ఉన్న మేమే. ధర్మసాగర్ రిజర్వాయరు మా నియోజకవర్గంలోనే ఉన్నా, దేవాదుల ఎత్తిపోతల పథకం కాలువల కింద నీళ్ల కోసం ఎదురుచూసే రైతుకు తన ఎమ్మెల్యే మాట ప్రభుత్వంలో చెల్లడం చాలా ముఖ్యం.

ఓటు పార్టీకే పడుతుందన్న మాటను కూడా నేను ఒప్పుకోను. నర్సంపేటలో ఓంకార్ గారు 1972 నుంచి మూడుసార్లు సీపీఎం తరఫున గెలిచి, ఆ పార్టీకి దూరమైన తర్వాత 1985లో, 1989లో స్వతంత్రులుగా గెలిచారు. 2014లో అక్కడే దొంతి మాధవరెడ్డి గారు కూడా స్వతంత్రులుగానే గెలిచారు. ఇక్కడి జనం మనిషిని చూసి ఓటేస్తారు.

పిటిషన్లు వేసిన బీఆర్ఎస్ సంగతీ మరువరాదు. తెలుగుదేశం ఎమ్మెల్యేలు 2016లో, కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండు మంది 2019లో ఆ పార్టీలో విలీనమైనప్పుడు ఈ నీతి ఎక్కడ ఉన్నది?

హన్మకొండ విద్యార్థి:
ఎమ్మెల్యే పార్టీకి కట్టుబడాలంటున్నాం గానీ, పార్టీ ఎమ్మెల్యేకు ఏ మేరకు కట్టుబడుతున్నదో ఎవరూ అడగడం లేదు. స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీ రిజర్వుడు సీటు. రాజయ్య గారిని 2014లో ఉప ముఖ్యమంత్రిని చేసి 2015 జనవరిలో తొలగించారు, ఆ స్థానంలో ఎంపీగా ఉన్న శ్రీహరి గారిని తెచ్చారు, 2023లో సిట్టింగ్ ఎమ్మెల్యే అయిన రాజయ్య గారిని పక్కనపెట్టి టికెట్ కూడా శ్రీహరి గారికే ఇచ్చారు. ఇంత చేసినా పార్టీ ఏ ఒక్కరికీ జవాబు చెప్పుకోలేదు. రిజర్వుడు సీట్ల నాయకులను ఎప్పుడైనా మార్చుకోవచ్చనే ధీమా పార్టీలకు ఉన్నంతకాలం, ఆ నాయకులు తమ దారి తాము చూసుకుంటే నేను ఒక్క వారినే తప్పుపట్టలేను.

కాజీపేట వాసి:
విద్యార్థి గారు చెప్పింది నన్ను నిజంగా బాధించే విషయం. రిజర్వుడు సీట్ల నాయకులపై అధినాయకత్వం పెత్తనం గురించి ఎంత చెప్పినా తక్కువే. అయినా 2023లో అభ్యర్థిని మార్చిన తర్వాత పార్టీ ఆ మార్పుతో ఓటరు ముందుకే వచ్చింది, నచ్చకపోతే ఓడించే అవకాశం ఓటరుకు ఉండింది. 2024 మార్చిలో ఆ అవకాశం లేదు.

నర్సంపేట ఉదాహరణ నా వాదననే బలపరుస్తున్నది. ఓంకార్ గారు సీపీఎం గుర్తుపై గెలిచిన సీటును వేరే పార్టీకి అప్పగించలేదు, ఎన్నికలకు స్వతంత్రులుగా వచ్చి నిలబడ్డారు. మాధవరెడ్డి గారు కూడా పార్టీ టికెట్ లేకుండా నేరుగా జనాన్నే అడిగారు. మనిషిని చూసి ఓటేస్తారన్న నమ్మకం అంతగా ఉన్న నాయకుడు, ఆ మనుషుల దగ్గరికి మళ్లీ వెళ్లడానికి ఎందుకు వెనుకాడాలి?

2019లో బీఆర్ఎస్ చేసింది తప్పే. అప్పుడు భూపాలపల్లిలో కాంగ్రెస్‌కు ఓటేసిన వారికి జరిగిన అన్యాయమే ఇప్పుడు ఘన్‌పూర్‌లో బీఆర్ఎస్‌కు ఓటేసిన వారికి జరిగింది. నేను మాట్లాడేది ఆ ఓటర్ల పక్షాన, పిటిషన్ వేసిన పార్టీ పక్షాన కాదు.

నీళ్ల విషయంలో నా అభ్యంతరం ఇంకా తీవ్రమైనది. అధికార పార్టీ ఎమ్మెల్యే ఉంటేనే కాలువ తవ్వుతారన్నది నిజమైతే ప్రశ్నించవలసింది ఆ పద్ధతిని. పన్నులు కట్టే రైతు తన ఎమ్మెల్యే ఏ కండువా కప్పుకున్నాడన్న దాన్నిబట్టి నీళ్లు అందుకోవడం ఏం న్యాయం?

వరంగల్ న్యాయవాది:
చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, గెలిపించిన పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్న ఎమ్మెల్యే అనర్హుడవుతాడు. లిఖితపూర్వక రాజీనామా లేకపోయినా నడవడికను బట్టి అలా నిర్ణయించవచ్చు. మూడింట ఒక వంతు చీలికకు ఇచ్చిన మినహాయింపును 2003లో తీసేశారు, మూడింట రెండు వంతుల విలీనం ఒక్కటే మిగిలింది. 2019లో పద్దెనిమిది మందిలో పన్నెండు మంది వెళ్లడం వల్ల ఆ రక్షణ కోరగలిగారు. 2023లో 39 సీట్లు గెలిచిన పార్టీ నుంచి పది మంది వెళితే ఆ దారి లేదు, కాబట్టి అసలు పార్టీ మారామా లేదా అన్న దాని మీదే వాదన నడుస్తుంది.

స్పీకర్ తలచుకుంటే జాప్యం అనివార్యం కాదు. 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానంపై విప్‌ను (పార్టీ ఓటింగ్ ఆదేశాన్ని) ధిక్కరించిన కాంగ్రెస్ ఎమ్మెల్యేలపై 2012 తొలి నెలల్లోనే వేటు పడింది, జూన్‌లో ఉప ఎన్నికలు కూడా జరిగాయి. వేటు పడినవారిలో ఉన్న కొండా సురేఖ గారు పరకాలలో మళ్లీ పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు, ఆ తర్వాత 2014లో వరంగల్ తూర్పు నుంచి గెలిచారు.

జఫర్‌గఢ్ ఓటరు:
నర్సంపేట విషయంలో మీ తర్కాన్ని అర్థం చేసుకున్నాను. కానీ ఉప ఎన్నిక ఖర్చు, ఆ నెలల్లో ఊరిలో పెరిగే కక్షలు మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. 2021లో పక్కనే ఉన్న హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ గారు రాజీనామా చేసి బీజేపీ తరఫున గెలిచారు, 2023లో అక్కడే ఓడిపోయారు. రెండేళ్లలో రెండు ఎన్నికలు చూసిన ఆ ఊళ్లకు ఒరిగింది ఏమిటో మీరు చెప్పండి.

కాజీపేట వాసి:
తమ ఎమ్మెల్యే బీజేపీలోకి వెళ్లడం సమ్మతమేనా అన్న ప్రశ్నకు 2021లో జవాబు చెప్పే అవకాశం హుజూరాబాద్ ఓటరుకు దక్కింది. 2023లో మనసు మార్చుకునే హక్కూ దక్కింది. ఎన్నికల ఖర్చు, కక్షలు తగ్గించాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు, అది ఎన్నికల సంఘాన్నీ పార్టీలనూ నిలదీయవలసిన వేరే పోరాటం. ఆ భయంతో ఘన్‌పూర్ ఓటరును అసలు అడగనే వద్దనడాన్ని మాత్రం నేను అంగీకరించను.