ఇద్దరు పిల్లల స్ట్రోలర్: పక్కపక్క సీట్లా, ముందువెనక సీట్లా?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక తల్లి):

అందరికీ నమస్కారం. మూడు రాత్రులుగా పిల్లలు నిద్రపోయాక కూర్చుని ఇద్దరు పిల్లల స్ట్రోలర్ల గురించే చదువుతున్నాను. నిన్న రాత్రి పది గంటలకు మొదలుపెట్టి రెండింటి వరకు చూసినా ఒక నిర్ణయానికి రాలేకపోయాను. ఒకరు పక్కపక్క సీట్లు ఉన్నదే కొనమంటారు. మరొకరు అది కొని ఆరు నెలలు తిరగకుండానే అమ్మేశామంటారు. దుకాణంలో అడిగితే రెండు రకాలనూ ‘ట్విన్’ అనే పిలుస్తూ రెండూ బాగుంటాయని చెప్పారే తప్ప, ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పలేదు. మా బడ్జెట్ పాతిక వేలు. సాయంత్రం పూట ఇద్దరినీ శివాజీ పార్కు దాకా తీసుకువెళ్లడానికి కావాలి. దయచేసి వాడి చూసినవారు మాత్రమే చెప్పండి, నాకు ఓపిక అయిపోయింది.

జవాబు 1:

మీ లిఫ్టు తలుపు వెడల్పు ఎంత? అది తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా ఉపయోగం లేదు.

జవాబు 2 (హైదరాబాద్, కవలల తల్లి):

మా కవలలకు ఇప్పుడు మూడేళ్లు. పక్కపక్క సీట్లున్న స్ట్రోలర్‌ను రెండేళ్లకు పైగా రోజూ వాడాము కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, మీరు అదే తీసుకోండి. కవలలు దాదాపు ఒకే బరువు ఉంటారు కనుక బండి ఒక పక్కకు లాగదు. ఇద్దరికీ ఎదురుగా ఏముందో సమానంగా కనిపిస్తుంది కనుక ముందు సీటు కోసం పోట్లాట ఉండదు. పాలు పట్టేటప్పుడు ముందు కూర్చుంటే ఇద్దరి ముఖాలూ మన ఎదుటే ఉంటాయి. అయితే రెండు సీట్ల వీపులూ విడివిడిగా వాలాలి. ఒకరు పడుకున్నప్పుడు రెండోవారు కూర్చోవాలంటే అది తప్పదు. రెండు గొడుగులు కూడా విడివిడిగా ఉండాలి. మాది 76 సెంటీమీటర్ల వెడల్పు. మా అపార్ట్‌మెంటు లిఫ్టులోకి కొద్దిలో పట్టేది, ఎప్పుడూ ఇబ్బంది కాలేదు.

జవాబు 3 (డాలస్ నుంచి ఒక తండ్రి):

పై సోదరి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. పక్కపక్క సీట్ల బండ్లు చాలావరకు 30 అంగుళాల చుట్టుపక్కల వెడల్పుతో రావడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో ప్రజలు వచ్చిపోయే భవనాల తలుపులు తెరిస్తే కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం ప్రమాణాలు చెబుతాయి. ఫ్లోరిడా, కాలిఫోర్నియాలలోని డిస్నీ పార్కులు కూడా 2019 మే నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన స్ట్రోలర్లను లోపలికి అనుమతించడం లేదు. ఆ తలుపులను, ఆ నిబంధనలను దృష్టిలో పెట్టుకుని చేసిన బండి విశాఖలోని పాత అపార్ట్‌మెంటు లిఫ్టులో పడుతుందన్న భరోసా ఏమీ లేదు. ఒకరి వెనుక ఒకరు కూర్చునే ట్యాండెమ్ అయితే వెడల్పులో ఒక్కరి స్ట్రోలర్ అంతే ఉంటుంది. నేను మా ఇద్దరికీ అదే వాడాను. మడతపెట్టాక కారు డిక్కీలో పడుతుందో లేదో దుకాణంలోనే పెట్టి చూసుకోండి.

ఇంకొకటి, మాటల విషయంలో కొంచెం జాగ్రత్త వహించాలి. ‘ట్విన్’ అనేది పక్కపక్క సీట్లున్నదానికి వాడవలసిన మాట. ముందువెనక సీట్లున్నదాన్ని ‘ట్యాండెమ్’ అనాలి. ‘డబుల్’ అన్నది రెండింటికీ చెల్లుతుంది.

జవాబు 4 (గుంటూరు నుంచి ఒక అమ్మమ్మ):

ఆ లెక్కన ‘ప్రామ్’ అనే మాటను కూడా సరిచేయాలి. మన దగ్గర చక్రాలున్న ప్రతి పిల్లల బండినీ ప్రామ్ అంటున్నారు. ఆ మాట పెరాంబ్యులేటర్‌కు పొట్టిరూపం, బ్రిటన్‌లో పసిబిడ్డ వెల్లకిలా పడుకునే తొట్టె బండిని అలా పిలుస్తారు. కూర్చునే బండి వేరు, పడుకునే బండి వేరు. ఈ తేడా తెలియక మా పక్కింటివాళ్లు ‘ప్రామ్’ అని రాసి ఉన్న కూర్చునే బండిని రెండు నెలల బిడ్డకు కొని తెచ్చారు.

జవాబు 3 (డాలస్):

అమ్మా, మీరు చెప్పినది బ్రిటన్ వాడుక. అమెరికాలో ఆ మాట ఇప్పుడు పెద్దగా వినిపించదు. మన దుకాణాల్లో ఏమంటారో అదే మనకు ముఖ్యం.

జవాబు 4:

ఏమన్నా పరవాలేదు నాయనా. బిడ్డకు మెడ నిలిచిందా లేదా అన్నది ఏ భాషలోనైనా ఒకటే. ఆమె పిల్లల వయసెంతో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

జవాబు 5 (కాకినాడ, పిల్లల వార్డులో పనిచేసిన నర్సు):

అమ్మమ్మగారి ప్రశ్న నిజంగా ముఖ్యమైనది. మెడ నిలవని బిడ్డను నిటారుగా ఉండే సీటులో ఎక్కువసేపు ఉంచితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. అప్పుడు గాలి పీల్చే దారి ఇరుకవుతుంది. కాబట్టి మొదటి ఆరు నెలలు పూర్తిగా చదునుగా వాలే సీటుగానీ, తొట్టెగానీ ఉన్న బండినే ఎంచుకోండి. కారు సీటును తీసి స్ట్రోలర్ చట్రం మీద బిగించే ఏర్పాటు సౌకర్యంగానే ఉంటుంది, కానీ అది ప్రయాణానికే తప్ప రోజంతా పడుకోబెట్టడానికి కాదు. బిడ్డ అందులో నిద్రపోతే వీలైనంత త్వరగా చదునైన చోటికి మార్చాలి.

నేను ప్రతి వేసవిలోనూ చెప్పే మాట ఇంకొకటి ఉంది. ఎండ పడుతోందని చీర కొంగుగానీ, తువ్వాలుగానీ స్ట్రోలర్ మీద కప్పేస్తారు. పలుచని గుడ్డ కప్పినా లోపల గాలి ఆడదు, వేడి పోగవుతుంది. బయట నీడగా కనిపిస్తుంది కనుక మనకు అనుమానం రాదు. విశాఖ వేసవిలో వేడికి తోడు ఉక్కపోత కూడా ఉంటుంది. గొడుగు బిగించండి, జాలీ ఉన్న కప్పు వాడండి, ఎండ దిగాక బయలుదేరండి, దయచేసి గుడ్డ మాత్రం కప్పకండి.

ప్రశ్న అడిగినవారు:

అమ్మా, మీరు చెప్పినది మంచిదే, గుర్తుపెట్టుకుంటాను. కానీ నేను గుడ్డ గురించి అడగలేదు. మాకు కవలలు కారు. నేను ‘ఇద్దరు పిల్లలు’ అన్నాను, అందరూ కవలలనే ఎందుకు అనుకుంటున్నారో నాకు తెలియదు. బాబుకు 2 ఏళ్ల 8 నెలలు, పాపకు 4 నెలలు. లిఫ్టు గురించి అడిగినవారి కోసం ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను, తలుపు 71 సెంటీమీటర్లు తెరుచుకుంటోంది. మాది నాలుగో అంతస్తు.

జవాబు 1:

లిఫ్టు లోపలి లోతు ఎంత?

ప్రశ్న అడిగినవారు:

92 సెంటీమీటర్లు. నలుగురికి, 272 కిలోలకు అని పలక మీద ఉంది.

జవాబు 1:

అయితే పక్కపక్కది తలుపులో ఇరుక్కుంటుంది, ముందువెనకది లోతులో పట్టదు.

జవాబు 2:

క్షమించండి, నేను కవలలు అనుకునే రాశాను. వయసులో ఇంత ఎడం ఉంటే నా సలహా మీకు సరిపోదు. పక్కపక్క సీట్లలో బరువున్న పిల్లవాడి వైపుకే బండి లాగుతూ ఉంటుంది.

జవాబు 6 (తిరుపతి నుంచి ఒక తల్లి):

మీ బాబు మరో ఆరు నెలల్లో స్ట్రోలర్ ఎక్కనని మొండికేస్తాడు, మా వాడు మూడేళ్లు నిండగానే అదే చేశాడు. అందుకని రెండు సీట్ల బండి కోసం పాతిక వేలు పెట్టకండి. పాపకు చదునుగా వాలే ఒక్కరి స్ట్రోలర్ కొని, దాని వెనుక పెద్దవాడు నిలబడే చక్రాల పలక బిగించండి. లిఫ్టు దగ్గర వాడు పలక దిగి నడుచుకుంటూ లోపలికి వస్తాడు, మీ కొలతల చిక్కు అక్కడే తీరిపోతుంది. అటువంటి పలకలు ఎక్కువగా 20 కిలోల వరకు మోస్తాయి. కానీ మీరు కొనే స్ట్రోలర్‌కు పలక బిగించవచ్చని దాని తయారీదారు చెప్పాలి, లేకపోతే చట్రం మీద పడే అదనపు బరువుకు ఎవరి పూచీ ఉండదు. పలక వద్దనుకుంటే పాపను గుడ్డ సంచిలో గుండెకు కట్టుకుని, బాబును మామూలు స్ట్రోలర్‌లో కూర్చోబెట్టవచ్చు. నేను రెండోది చేశాను, ఒక్క రోజు కూడా విచారించలేదు.

ప్రశ్న అడిగినవారు:

సాయంత్రాలు నేను ఆఫీసులో ఉంటాను. పిల్లలను తీసుకువెళ్లేది మా అత్తగారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పాపను కట్టుకుని నడవలేరు. ఇది ముందే రాయవలసింది.

జవాబు 7 (విశాఖపట్నం, సైకిళ్లు బాగుచేసే వ్యక్తి):

మీరు సీతమ్మధార వైపు ఉంటే శివాజీ పార్కుకు వెళ్లేటప్పుడు వాలు, వచ్చేటప్పుడు ఎత్తు ఉంటుందని నాకు తెలుసు. అందుకని వెడల్పు కన్నా బ్రేకుల గురించి ఎక్కువ ఆలోచించండి. ఒక్క తొక్కుతో రెండు వెనక చక్రాలూ బిగుసుకోవాలి. ఒక్కో చక్రానికి ఒక్కో తొక్కు ఉన్నదైతే పెద్దవారు ఒకటి తొక్కి రెండోది మరిచిపోతారు. వాలు మీద ఆపవలసి వస్తే బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పి ఆపమని చెప్పండి. చేతికి తగిలించుకునే పట్టీ తప్పనిసరిగా ఉండాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారి చేతి నుంచి బండి జారితే పరుగెత్తి పట్టుకోలేరు. ఆమె ఒక్కరే తీసుకువెళ్లేటట్లయితే పలక మీద పిల్లవాణ్ణి నిలబెట్టి వాలు దిగడం నాకు మంచిదనిపించడం లేదు, వాడు ఎప్పుడు దూకుతాడో చెప్పలేము.

ముందువెనక సీట్లదే తీసుకుంటే బరువు ఎక్కడ పడుతుందో చూసుకోండి. పెద్దవాడు ముందు కూర్చుంటే పేవ్‌మెంటు అంచు ఎక్కించడానికి హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కాలి. వాడు దిగిపోగానే హ్యాండిల్‌కు తగిలించిన కూరగాయల సంచి బరువుకు బండి వెనక్కి పడే ప్రమాదం ఉంది, అందుకే సంచులన్నీ కింది బుట్టలోనే పెట్టించండి. చక్రాలు చిన్నవైతే మన స్పీడు బ్రేకర్ల దగ్గర ఇబ్బంది పెడతాయి. గాలి టైర్లు మెత్తగా నడుస్తాయి కానీ పంక్చర్లు అవుతాయి, ఫోమ్ నింపినవి ఆ బాధ పెట్టవు. బీచ్ వైపు తీసుకువెళ్తే ఇసుక, ఉప్పు గాలి బేరింగుల్లోకి చేరి తుప్పు పట్టిస్తాయి. ఇంటికి రాగానే మంచినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

జవాబు 3 (డాలస్):

బండిని నాలుగో అంతస్తుకు తీసుకువెళ్లాలన్న నియమం ఏముంది? కింద పార్కింగులో గొలుసు వేసి ఉంచితే లిఫ్టు కొలతలతో పనే లేదు.

జవాబు 2:

దుమ్ము, పిల్లులు, వాన జల్లు. ఒక కవరు కొనకుండా ఆ పని చేయకండి. ఆమె పాపను ఎత్తుకుని, బాబు చేయి పట్టుకుని లిఫ్టులో దిగి, మళ్లీ ఇద్దరినీ బండిలో కూర్చోబెట్టి అయిదు పట్టీల బెల్టులు బిగించాలంటే కింద ఇంకొకరు సాయం ఉండాలి. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

జవాబు 6:

అన్ని పనులు ఒకరి మీద వేసి, ఏ బండి కొనాలని అడిగితే ఏ బండీ సరిపోదు. ఆమెతో పాటు సాయంత్రాలు ఎవరైనా వెళ్లే వీలుందా అన్నది మొదట తేల్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. మా వాచ్‌మన్ భార్య సాయంత్రాలు కింద సాయం పడతానన్నారు, మెట్ల కింద బండి పెట్టుకోవడానికి చోటు కూడా ఉంది. ముందువెనక సీట్లది, వెనక సీటు పూర్తిగా వాలేది, ఒకే తొక్కు బ్రేకు ఉన్నది చూడాలనుకుంటున్నాము. ఆదివారం అత్తగారినే దుకాణానికి తీసుకువెళ్లి, ఆమె చేతనే తోయించి చూస్తాను. పాప లేచింది, ఉంటాను.

జవాబు 8 (విజయనగరం):

మాకు వచ్చే నెల కవలలు పుట్టబోతున్నారు, మాది కూడా నలుగురు పట్టే లిఫ్టే. మీరు చివరికి ఏది కొన్నారో, ఆ వాలు మీద మీ అత్తగారికి తోయడం ఎలా ఉందో తెలియజేయగలరా?