ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన మా చెల్లెలు ఇంకా ఉలికిపడుతోంది: ఇది భయమా, జబ్బా?

ప్రశ్న (అంబాజీపేట దగ్గర నుంచి ఒక అన్న)

మా చెల్లెలు ఖార్కివ్‌లో వైద్యవిద్య మూడో ఏడు చదువుతుండగా 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. కొన్నాళ్లు మెట్రో స్టేషనులో తలదాచుకుని, సరిహద్దు దాటి, మన ప్రభుత్వం విద్యార్థులను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానంలో ఇంటికి చేరింది. వచ్చే నెలకు యుద్ధం మొదలై ఏడాది నిండుతుంది. అయినా మొన్న కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తుండగా బాణసంచా మొదలవగానే, పక్కనున్న పంట బోదెలోకి దిగి చెవులు మూసుకుని కూర్చుంది. రేకుల షెడ్డు మీద కొబ్బరికాయ పడినా ఒళ్లంతా చెమటలు పడతాయి. ఆన్‌లైన్ పాఠం మధ్యలో అక్కడ సైరన్ మోగి మాస్టారు షెల్టరుకు వెళ్లిపోతే, ఆయన తిరిగి వచ్చేదాకా ఖాళీ తెరనే చూస్తూ ఉండిపోతుంది. పెద్దవాళ్లు దిష్టి అంటున్నారు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందని కూడా అంటున్నారు.

జవాబు (మానసిక వైద్యురాలు, కాకినాడ)

మనిషిని చూడకుండా నిర్ధారించలేను కానీ, మీరు రాసినవి పీటీఎస్‌డీ, అంటే ప్రాణభయం కలిగించిన ఘటన తర్వాత మనసుకు వచ్చే జబ్బు, లక్షణాలకు దగ్గరగా ఉన్నాయి. ప్రాణభయం కలిగిన మొదటి వారాల్లో నిద్ర చెడడం, ఉలికిపడడం సహజం. నెల దాటాక కూడా ఆ ఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, దాన్ని గుర్తుచేసేవాటికి దూరంగా తిరగడం, మనసు మొద్దుబారడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం కొనసాగి చదువుకు అడ్డుపడితే జబ్బుగానే చూస్తాం. మీ చెల్లెలి విషయంలో ఒక చిక్కు ఉంది: ఆ సైరన్ రోజూ ఫోనులో ఇంట్లోకి వస్తూనే ఉంది, కాబట్టి ఆమెకు యుద్ధం ఇంకా గతం కాలేదు.

దీనికి ప్రత్యేకించిన మాటల చికిత్స, ఈఎండీఆర్ (ఆ ఘటనను తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) బాగా పనిచేస్తాయి. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు ఇస్తాం. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. ముందుగా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదు.

జవాబు (ముమ్మిడివరం)

1996 నవంబరు 6 తుపానులో మా అమ్మ రాత్రంతా దూలం పట్టుకుని బతికింది. ఇప్పటికీ ఈదురుగాలి వీస్తే లేచి తలుపు గడియలు చూసుకుంటుంది. ఆమెను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. మీరు ఆ తప్పు చేయకండి.

జవాబు (ఉక్రెయిన్‌లోని సుమీ నుంచి తిరిగివచ్చిన విద్యార్థి, పాలకొల్లు)

చప్పుడు కన్నా, అది చెప్పకుండా రావడమే నన్ను ఎక్కువ బాధించేదండీ. కొబ్బరి దింపు ఉన్న రోజున ముందే చెప్పండి. “ఏం జరిగిందో చెప్పు” అని మాత్రం గుచ్చి గుచ్చి అడగకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 14416కు ఫోన్ చేశాం, సోమవారం జిల్లా ఆసుపత్రికి వెళ్తున్నాం. రేపు మా తోటలో దింపు ఉందని రాత్రే చెప్పాను. “ఎన్ని గంటలకు?” అని అడిగి, ఫోనులో అలారం పెట్టుకుంది.