గుమ్మం దగ్గర నాన్నగారి కాళ్లు ఆగిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) అని తెలిసి నాలుగేళ్లయింది. హాల్లో బాగానే నడుస్తారు. గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. మొన్న చెయ్యి పట్టుకుని లాగితే ముందుకు తూలారు. మధ్యాహ్నం భోజనం తర్వాత మరీ ఎక్కువ. మందు పనిచేయడం మానేసిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు లాగడం ఆపేయండి. లాగితే ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు రావు. మా అమ్మ విషయంలో మొదట్లో నేనూ అదే చేశాను, ఒకసారి మోకాళ్ల మీద పడింది కూడా.

ఆగినప్పుడు ఆగనివ్వండి. తొందరపెడితే కంగారుకి ఇంకా బిగుసుకుపోతారు. నిటారుగా నిలబడి, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి రెండుమూడుసార్లు మార్చమనండి. తర్వాత మీరు ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే పెద్ద అడుగు వేయమనండి. మేం గుమ్మానికి ఇటూ అటూ నేల మీద అడుగు దూరానికొకటి రంగు టేపు అడ్డంగా అంటించాం. "ఈ గీత దాటమ్మా" అనగానే అంతసేపూ కదలని కాలు లేచేది. ఆలోచించకుండా నడిచే నడకకి మెదడులో డోపమిన్ అనే రసాయనం కావాలి, వీళ్లలో అదే తగ్గిపోతుంది. గీతను చూసి కావాలని వేసే అడుగుని మెదడు వేరే దారిలో నడిపిస్తుంది.

ఇక మధ్యాహ్నం సంగతి. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా టాబ్లెట్ ఎప్పుడు వేస్తున్నారు?

ప్రశ్న: భోజనం అయిన వెంటనే అండీ.

జవాబు: నాకు అనుమానం అక్కడే. తిండిలోని ప్రోటీన్, ఈ మందు పేగుల నుంచి ఒకే దారిలో లోపలికి వెళ్లాలి, మందు వెనకబడుతుంది. మామూలుగా భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేయమంటారు. ఖాళీ కడుపుతో వేస్తే వికారంగా ఉంటుందంటే డాక్టర్‌కి చెప్పండి. మలబద్ధకం ఉన్నా మందు ఆలస్యంగా పట్టుతుంది. వారం రోజులు మందు వేసిన టైమ్, బాగా కదిలిన టైమ్, ఆగిపోయిన టైమ్ రాసి ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. డోసు మీరు మార్చొద్దు, హఠాత్తుగా అసలు ఆపొద్దు, ప్రమాదం.

ఇంకొకరి జవాబు: వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వబోతే పార్కిన్సన్స్ ఉందని వెంటనే చెప్పండి. అది డోపమిన్‌కి అడ్డుపడి జబ్బు లక్షణాలను పెంచుతుంది.

ప్రశ్న: ఇద్దరికీ థ్యాంక్సండీ. చివరగా ఒకటి. ఆయన ముఖంలో నవ్వే లేదు. తాతయ్యకి నా మీద కోపమా అని పాప అడుగుతోంది.

జవాబు: కోపం కాదండీ, ముఖం కండరాలు బిగుసుకుపోవడం. పాపకి అదే చెప్పండి. సంతోషంగా ఉన్నావా తాతయ్యా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగమనండి. మాట చిన్నగా, ఆలస్యంగా వస్తుంది.