కాపురమున్న ఇంటికి రంగు వేయడానికి స్ప్రేయర్ మేలా, రోలర్ మేలా?

తెల్లగోడ:
మేము నివసిస్తున్న ఇంట్లోనే రెండు పడకగదులకు, హాలుకు ఎమల్షన్ (నీటి ఆధారిత రంగు), ఆరు చెక్క తలుపులకు ఎనామిల్ (ద్రావకం కలిసిన నూనె రంగు) స్వయంగా వేసుకోదలచాము. స్ప్రేయర్ అద్దెకు తెస్తే ఒక్క రోజులో పూర్తవుతుందని కొందరు, రోలర్ తప్ప మరేదీ వద్దని కొందరు అంటున్నారు. దయచేసి కారణాలతో సహా చెప్పండి.

నీలిద్వారం:
నేను స్ప్రేయర్ పక్షమే. గన్‌ను గోడకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని, చేతిని విల్లులా తిప్పకుండా గోడకు సమాంతరంగా నడుపుతూ, ప్రతి వరుస ముందటి వరుసలో సగాన్ని కప్పేలా వేస్తే, రోలర్ ఎన్నటికీ ఇవ్వలేని నునుపు వస్తుంది. రెండు గదుల గోడలు ఒక్క పూటలో పూర్తవుతాయి.

పాతకుంచె:
ఆ ఒక్క పూటకు ముందు ఎంత పని ఉందో కూడా చెప్పాలి. స్ప్రే తుంపర గాలిలో తేలి నేల, కిటికీలు, స్విచ్చులు, బీరువాలు అన్నింటి మీదా వాలుతుంది కనుక, సామాను ఉన్న ఇంట్లో వాటిని కాగితంతో, టేపుతో కప్పడానికే గోడలకు రంగు వేయడం కంటే ఎక్కువ సమయం పడుతుంది. చివర్లో గొట్టం, గన్ కడగడం వేరే పని. పైగా రంగు పీల్చుకునే కొత్త ప్లాస్టరింగ్ మీద స్ప్రే చేసినా, రంగు లోపలికి పట్టాలంటే తడి ఆరకముందే దాని మీద రోలర్ తిప్పవలసిందే.

మరో సంగతి చాలామంది ఆలోచించరు. ఏడాది తరువాత గోడ మీద మరక పడితే, రోలర్‌తో వేసిన గోడకు రోలర్‌తోనే చిన్న సవరణ చేస్తే చాలావరకు కలిసిపోతుంది. స్ప్రే చేసిన నునుపైన గోడ మీద అదే సవరణ అతుకులా కనిపిస్తుంది. మనుషులు తిరిగే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

తెల్లగోడ గారూ, నునుపు గోడలకు 9 నుంచి 12 మిల్లీమీటర్ల బొచ్చున్న రోలర్ సరిపోతుంది. ముందుగా మూలల్లో, అంచుల్లో బ్రష్‌తో 5 సెంటీమీటర్ల మేర వేసి, అది ఆరకముందే రోలర్‌ను ఆ అంచు మీదికి తీసుకురండి. గది మొత్తానికీ అంచులు ముందే వేసేస్తే, గోడ చుట్టూ చట్రం కట్టినట్టు వేరే ఛాయ తేలుతుంది. ఎమల్షన్‌కు నైలాన్ వంటి కృత్రిమ బ్రష్ వాడండి. జంతువుల వెంట్రుకల బ్రష్ నీటిని పీల్చి మెత్తబడిపోతుంది.

నీలిద్వారం:
గోడల విషయంలో మీ వాదన ఒప్పుకుంటున్నాను. నేను ఖాళీ ఇళ్లను తలచుకొని రాశాను. తలుపుల విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. వాటిని కీళ్ల నుంచి ఊడదీసి, ఆరుబయట నీడలో పడుకోబెట్టి, తక్కువ పీడనపు గన్‌తో పలచని పూతలు రెండు మూడు వేస్తే బ్రష్ చారలు ఉండవు, రంగు కిందికి కారదు.

పాతకుంచె:
ఆరుబయట అయితే నాకూ సమ్మతమే. గదిలో మాత్రం ఎనామిల్ స్ప్రే చేయకండి: అందులోని ద్రావకం ఆవిరి నిప్పు అంటుకునే గుణం గలది, మామూలు దుమ్ము మాస్కు దాన్ని ఆపలేదు. ఎయిర్‌లెస్ గన్ (గాలి కలపకుండా రంగునే అధిక పీడనంతో చిమ్మేది) అయితే మరింత జాగ్రత్త అవసరం. దాని పీడనం చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల వరకు ఉంటుంది; ఆ ధార చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, లోపల కణజాలం నాశనమవుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. గన్ కొన (నాజిల్) శుభ్రం చేసే ముందు యంత్రం ఆపి, పీడనం పూర్తిగా వదిలేయాలి.

తెల్లగోడ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గోడలకు రోలర్ ఖాయం చేసుకున్నాము. తలుపుల్లో ముందు స్టోరు గది తలుపును ఊడదీసి, ఒక వైపు స్పాంజి రోలర్‌తో వేసి బ్రష్ కొనతో తేలికగా సర్ది, రెండో వైపు గన్‌తో వేసి చూస్తాము. ఏది నచ్చితే మిగతా ఐదింటికీ అదే పద్ధతి.